గురువారం రాత్రి పాదాలు కడిగే ఆరాధన: ఎవరు, ఎవరివి, ఎలా

అడిగిన ప్రశ్న ఇది: "మాది అరవై మంది వచ్చే చిన్న సంఘం. శుభ శుక్రవారానికి ముందు గురువారం రాత్రి పాదాలు కడిగే ఆరాధన పెడదామని యవ్వనస్తులం అనుకుంటున్నాం. మా గుడిలో ఇంతవరకూ ఎప్పుడూ జరగలేదు. పెద్దల్లో కొందరు అది కేథలిక్కుల ఆచారం అంటున్నారు, కొందరు ఉత్త నాటకం అంటున్నారు. చేస్తే ఎలా చేయాలి? తగ్గింపు, పరిచర్య నిజంగా అలవడేలా ఉండాలంటే ఏమేం చూసుకోవాలి?"

చేయండి బ్రదర్. నీళ్లు, టవళ్ల సంగతి గంటలో తేలిపోతుంది, దాని వివరాలు కింద రాస్తాను. మీరు వారాల ముందు కూర్చుని తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఎవరు ఎవరి కాళ్లు కడగాలి, కడిగినవాళ్లు తమ కాళ్లు ఎవరికి అప్పగించాలి. ఈ రెండూ గాలికి వదిలేస్తే పాటలూ ప్రార్థనలూ ఎంత బాగా సాగినా చివరికి అది పెద్దలకు ఇంకో సన్మానసభగా మిగులుతుంది.

ముందు "కేథలిక్కుల ఆచారం" అన్న మాట. కేథలిక్ సంఘంలో ఇది ఉన్న మాట నిజమే. 1955లో పన్నెండో పయస్ పోపు పవిత్ర వారపు ఆరాధనలను సవరించినప్పుడు దీన్ని గురువారం సాయంత్రపు పూజలోకి తెచ్చారు. ఫ్రాన్సిస్ పోపు కాలంలో, 2016లో, స్త్రీల పాదాలు కూడా కడగవచ్చని నియమం మార్చారు. కానీ ఇది వాళ్లొక్కరిదే కాదు. మెనోనైట్లు అనే ప్రొటెస్టంటు శాఖవారు 1632 నాటి డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలో పదకొండో అంశంగా పాదాలు కడగడం రాసుకున్నారు. మన మహబూబ్‌నగర్, నల్గొండ వైపున్న మెనోనైట్ బ్రెదరన్ సంఘాలు ఆ వంశానివే. అడ్వెంటిస్టులు ప్రభు బల్లకు ముందు, మామూలుగా మూడు నెలలకోసారి, ఒకరి పాదాలు ఒకరు కడుక్కుంటారు. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మమూ ప్రభు భోజనమూ రెండే సంస్కారాలు. పాదాలు కడగడం సంస్కారం కాదు, నిషిద్ధమూ కాదు. కాబట్టి పాస్టర్ గారి అనుమతి తీసుకుని, "ఇది సంస్కారం కాదు, యేసు శిష్యుల పాదాలు కడిగిన యోహాను 13 చదివి చేసే ఒక ఆరాధన" అని పెద్దలకు ముందే చెప్పండి. అభ్యంతరాల్లో సగం అక్కడే తీరతాయి.

ఇక "నాటకం" అన్నవారి మాట కొట్టిపారేయకండి. వాళ్ల భయంలో న్యాయం ఉంది.

మన తెలుగునాట కాళ్లు కడగడం ఎవరికీ కొత్త కాదు. పెళ్లిలో మామ అల్లుడి కాళ్లు కడుగుతాడు. స్వాములవారి పాదాలు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునేవాళ్లున్నారు. చుట్టం గడపలోకొస్తే చెంబుతో నీళ్లిస్తాం, కడుక్కోవడం మాత్రం ఆయనే కడుక్కుంటాడు. కడగడమంటూ జరిగితే కడిగేవాడు చిన్న, కడిగించుకునేవాడు పెద్ద. అందుకే ఏ ఏర్పాటూ లేకుండా వదిలేస్తే మన గుళ్లలో జరిగేది ఒకటే: యవ్వనస్తులు పాస్టర్ గారివీ, కమిటీ పెద్దలవీ, ఊరినుంచి వచ్చిన అతిథివీ కాళ్లు కడుగుతారు. అందరి కళ్లూ చెమరుస్తాయి. యోహాను 13 మాత్రం తలకిందులవుతుంది. అక్కడ బోధకుడే లేచి, పైవస్త్రం తీసి, తువ్వాలు నడుముకు కట్టుకున్నాడు. అదే రాత్రి, అదే బల్ల దగ్గర, తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాడుకున్నట్టు లూకా 22లో ఉంది. ఆ రెండు అధ్యాయాలూ వరసగా చదివించండి, వేరే ప్రసంగం దాదాపు అక్కర్లేదు.

పన్నెండు మందిని ఎంచి కుర్చీల్లో కూర్చోబెట్టి పాస్టర్ గారు కడిగే పద్ధతి చాలాచోట్ల ఉంది. చూడటానికి బాగుంటుంది గానీ మీకు వద్దంటాను. పన్నెండు మందిని ఎంచడంలోనే తగాదా మొదలవుతుంది: కమిటీ సభ్యుడు, పెద్ద కానుక ఇచ్చినాయన, ఆయన బావమరిది. లేదా దానికి పూర్తి వ్యతిరేకంగా ఒక పారిశుద్ధ్య కార్మికుణ్ణీ, ఒక వితంతువునూ ఏరి తెచ్చి ముందు కూర్చోబెట్టి, మైకులో వాళ్ల పని చెప్పి మరీ కడుగుతారు. ఆ మనిషికి అది గౌరవంగా ఉండదు. పదిమంది ముందు తన బీదతనాన్ని ప్రదర్శనకు పెట్టినట్టు ఉంటుంది.

దీనికి మేలైన పద్ధతి వరస. మగవాళ్లకు రెండు వరసలు, ఆడవాళ్లకు మూడు, ఒక్కో వరసలో పదిమంది. వరస మొదట ఒక పెద్ద మోకరిస్తాడు, మొదటి మనిషి కాళ్లు కడుగుతాడు. కడిగించుకున్న మనిషి లేచి, తన తర్వాతి మనిషి కాళ్లు కడుగుతాడు. అలా సాగి సాగి, చివరి మనిషి వచ్చి మొదట మోకరించిన పెద్ద కాళ్లు కడుగుతాడు. ఇందులో కేవలం కడిగేవాడూ లేడు, కేవలం కడిగించుకునేవాడూ లేడు. పాస్టర్ గారు ఒక వరస మొదలుపెట్టాలి, ఆయన భార్య ఒక వరస, సంఘ కార్యదర్శి ఒకటి, అలా. చివరి స్థానంలో అందరికన్నా చిన్నవాణ్ణి, అంటే సండే స్కూలు పెద్ద తరగతి పిల్లవాణ్ణి, ఉంచండి. పాస్టర్ గారి కాళ్లు కడిగేది వాడే. "అయ్యగారివి వద్దులెండి" అని ఎవరో ఒకరు అడ్డం వస్తారు. యేసు తన కాళ్లు కడగబోతే పేతురు అన్నదీ దాదాపు అదే మాట గదా. పాస్టర్ గారితో ముందే మాట్లాడి ఉంచుకోండి: ఆయన కాళ్లు చాపకపోతే ఆరాధన సగంలో ఆగినట్టే.

మధ్య స్థానాలు చీటీలు తీసి నిర్ణయించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తెలుగు సంఘాల్లో ఇదే అసలు చోటు. మాల, మాదిగ సంఘాలు వేరువేరు గుళ్లుగా ఉన్న ఊళ్లున్నాయి. ఒకే గుడి ఉన్నా ఏ కుటుంబం ఏ వైపు కూర్చుంటుందో అందరికీ తెలిసిన ఊళ్లూ ఉన్నాయి. పేరు పేరునా జతలు కడితే "నన్ను వాళ్లతో ఎందుకు వేశారు" అన్న మాట మీ మీదికి వస్తుంది. ఎవరి మనసుకు వాళ్లను వదిలేస్తే అందరూ తమవాళ్ల పక్కకే చేరతారు. చీటీ వేస్తే ఆ రెండూ తప్పుతాయి. అయితే ఒక జాగ్రత్త. గొడవలో ఉన్నవాళ్లను కావాలని ఒక జతగా కలిపి అందరి ముందు ఏడిపించే ప్రయత్నం చేయవద్దు. సమాధానపడటం ముందుగా, ఒంటరిగా జరగాలి. మత్తయి 5 చెప్పే క్రమం కూడా అదే, కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని. తాగి కొట్టే తండ్రి, లేదా చెయ్యి చేసుకున్న అన్న, వాళ్ల చేతిలో నలిగిన మనిషికి ఎదురుగా కూర్చునే అవకాశం చీటీలో వస్తే నిశ్శబ్దంగా మార్చేయండి. తగ్గింపు అన్న మాటను మన ప్రసంగాల్లో ఎక్కువగా కోడళ్లకూ, కూలివాళ్లకూ, అప్పులవాళ్లకూ చెబుతుంటారు. యోహాను 13 మొదట్లోనే ఉంది చూడండి: తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని ఎరిగి యేసు లేచాడు. అధికారం చేతిలో ఉన్నవాడు వంగిన కథ అది. అణిగి ఉన్నవాళ్లను ఇంకా అణగమనడానికి దాన్ని వాడకూడదు.

ఇప్పుడు సామాను. యాభై మంది పాల్గొంటారని లెక్క వేద్దాం, మిగతావాళ్లు చిన్నపిల్లలూ, వద్దనేవాళ్లూ. మనిషికి రెండు పాదాలకూ కలిపి లీటరు నీళ్లు చాలు. చేతులు కడుక్కోవడానికీ, అదనానికీ కలిపి ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు నాలుగు. వరసకు ఒకటి చొప్పున ఐదు వెడల్పాటి టబ్బులు, పదహారు అంగుళాలకు తగ్గకుండా. ఐదు చెంబులు లేదా మగ్గులు. వాడిన నీళ్లు పోయడానికి ఐదు బకెట్లు. మనిషికో చిన్న నూలు తువ్వాలు, పైన పది అదనం. కొత్త తువ్వాళ్లు కొనకండి. కొంటే రెండుసార్లు ఉతికి తెండి, గంజి పోనిదే కొత్త గుడ్డ నీళ్లు పీల్చదు. డబ్బు లేకపోతే పాత నూలు పంచెలను మూరెడు ముక్కలుగా చించి, ఉడకేసి, ఎండబెట్టినా సరిపోతుంది. కాళ్లకు సబ్బు వద్దు, నేల జారుతుంది. డెట్టాల్ కూడా వద్దు, అవసరం లేదు, పైగా పగిలిన కాళ్లకు మంటపుడుతుంది.

నీళ్లు పాదాల మీద పోసి కడగాలి, టబ్బులో ముంచకూడదు. ఒకరి కాళ్లు ముంచిన నీళ్లలో ఇంకొకరివి ముంచితే వేళ్ల మధ్య పాచిన చర్మం ఉన్న ఒక్క మనిషి నుంచి వరసంతటికీ అంటుకుంటుంది. టబ్బు ఖాళీగా ఉండాలి, పోసిన నీళ్లు అందులోకి జారాలి, మనిషి మనిషికీ బకెట్లో పారబోయాలి.

వేడి సంగతి. ఆ గురువారం మార్చి చివరో ఏప్రిల్‌లోనో వస్తుంది. డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు సాయంత్రం ఆరింటికి కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండవచ్చు. మధ్యాహ్నానికే నీళ్లు పట్టి క్యాన్లలో నీడన పెట్టండి. పోసే ముందు మోచేతితో చూడండి. మోచేతికి వెచ్చగా కూడా అనిపించకూడదు. షుగర్ వల్ల తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియదు, బొబ్బ లేచాక గానీ బయటపడదు.

నేల కూడా చూసుకోండి. టైల్స్, నాపరాళ్ల మీద చెంబెడు నీళ్లు ఒలికితే ముసలివాళ్లు జారిపడతారు. వరస పొడవునా గోనెసంచులు పరిచి, కూర్చునేవాళ్ల కాళ్ల కింద ఒక ఆరిన సంచి వేరుగా ఉంచండి. ప్లాస్టిక్ కుర్చీలు గోడకు ఆనించాలి, లేకపోతే లేచేటప్పుడు వెనక్కి జరుగుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మోకరించనక్కర్లేదు, పీట వేసుకుని కూర్చుంటే చాలు. ఆడవాళ్ల వరసలు పక్కగదిలోనో, తెర చాటునో పెట్టండి.

కడగడం ఎలాగో ముందు ఆదివారం ఒకసారి చూపించండి. ఎడమచేత్తో మడమ కింద పట్టుకోవాలి. కుడిచేత్తో చీలమండ మీదనుంచి నెమ్మదిగా పోయాలి. పాదం పైభాగం, మడమ, వేళ్ల సందులు అరచేత్తో ఒకసారి రుద్దాలి. టబ్బు పక్కకు జరిపి, తువ్వాలు ఒడిలో పరిచి, పాదం దాని మీద పెట్టుకుని అద్దాలి. రుద్దకూడదు, పగుళ్లు నొప్పి పుడతాయి. వేళ్ల మధ్య తడి పోవాలి. మెట్టెలున్నవాళ్లకు మెట్టె కొంచెం పైకి జరిపి కింద కూడా తుడవాలి, అక్కడ తడి నిలిస్తే చర్మం ఒరుస్తుంది. ఆరిన గోనె మీద ఆ పాదం దించి రెండోది. రెండు పాదాలకూ కలిపి రెండు, మూడు నిమిషాలు పడుతుంది, పదిమంది వరసకు అరగంట. తన వంతు అయిపోయినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాత ప్రభు బల్ల ఉంటే ఇది మరీ ముఖ్యం. కాళ్లకు మొక్కడం, నీళ్లు నెత్తిన చల్లుకోవడం వద్దని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే ఎవరో ఒకరు చేస్తారు.

కడిగేటప్పుడు మాటలు వద్దు. నెమ్మదిగా ఒక శ్రమకాలపు కీర్తన పాడుతూ ఉంటే చాలు, మైకు లేకుండా.

వద్దనేవాళ్ల గురించి. వ్యవసాయపు పనివాళ్లు, తాపీ పనివాళ్లు పగిలిన మడమలు చూపడానికి సిగ్గుపడతారు. కొందరు ఇంటి దగ్గరే రెండుసార్లు రుద్ది కడుక్కుని వస్తారు. బలవంతపెట్టకండి. పేతురును గట్టిగా అడిగినవాడు ప్రభువు, మనం కాదు. "కాళ్లు కాకపోతే చేతులు కడగనివ్వండి" అని ఒక దారి ఉంచండి. కట్టు కట్టిన పుండు, కాలి మీద కొత్త కుట్లు, చీము ఉన్నవాళ్లకు ఆ పాదం తడపకూడదు, వాళ్లకూ చేతులే. ఇవన్నీ ముందు ఆదివారమే ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసిపెట్టుకోండి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ల దగ్గరికి టబ్బు వెళ్లాలి, వాళ్లు వరస దగ్గరికి రావడం కాదు.

ఫోన్లు. ఇక్కడ మెత్తగా ఉండకండి. ఒక్క ఫొటో కూడా వద్దు. లైవ్ వద్దు. "జ్ఞాపకానికి ఒక్కటి" కూడా వద్దు. కెమెరా కనిపించగానే కడిగేవాడి ముఖం మారుతుంది, కడిగించుకునేవాడు పాదం వెనక్కి లాక్కుంటాడు. ఫ్లెక్సీ గురించి వేరే చెప్పాలా? దుప్పటి పంపిణీలో ఒక ముసలమ్మ చేతిలోని దుప్పటిని ఎనిమిది మంది పట్టుకుని కెమెరా వైపు చూసే ఫొటోలు ఎన్ని చూశాం! దానం రహస్యంగా చేయమనే మత్తయి 6 చదివిన సంఘంలో అది ఎలా చెల్లుబాటవుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ఏర్పాటు ఆరాధన అయ్యాక ఉంటుంది. మురికి నీళ్ల బకెట్లు ఎవరు మోస్తారు? యాభై తువ్వాళ్లు ఎవరు ఉతుకుతారు? గోనెసంచులు ఎవరు ఆరవేస్తారు? ఏమీ అనుకోకపోతే గుడి ఊడ్చే అమ్మ, ఇద్దరు ఆడపిల్లలు మిగులుతారు, పెద్దలు వాకిట్లో నిలబడి "ఎంత దీవెనకరంగా జరిగింది" అనుకుంటారు. ముందే కాగితం మీద రాయండి: బకెట్లు కోశాధికారి, ఇద్దరు పెద్దలు, తువ్వాళ్లు యవ్వనస్తుల్లో మగపిల్లలు, నేల తుడవడం కార్యదర్శి. బకెట్లో పది లీటర్లకు మించి నిండనివ్వకండి, పెద్దవయసువాళ్లు మోయగలగాలి. గుడి ఊడ్చే అమ్మను ఆ రాత్రి పని ముట్టుకోనివ్వకండి. ఆమెకు ఇబ్బందిగా ఉంటుంది, లేచి చీపురు పట్టుకోబోతుంది. అయినా సరే, ఆ ఒక్క రాత్రి కూర్చోబెట్టండి.

"నిజంగా అలవడాలంటే" అని అడిగారు. ఒక్క గురువారంతో ఏదీ అలవడదు. పని మారాలి, క్రమం మారాలి. మార్పు ముందుగా కనిపించవలసింది ప్రేమవిందులో. చాలా గుళ్లలో పాస్టర్ గారికీ అతిథులకూ లోపల బల్ల, స్టీలు పళ్లేలు. మిగతావాళ్లకు ఎండలో వరస, పేపర్ ప్లేట్లు. వరస చివరికి ముక్కలు అయిపోతాయి, పులుసు మిగులుతుంది. కొరింథులో ఒకడు ఆకలితో, ఒకడు మత్తులో అని పౌలు మందలించింది ఇలాంటి విందునే. దీనికి పరిష్కారం చాలా మామూలుది. వందమందికి పద్నాలుగు, పదిహేను కిలోల బియ్యం, పదిహేను కిలోల కోడిమాంసం వండుతారనుకోండి. వడ్డన మొదలుపెట్టక ముందే చివరి ఇరవై మందికి కూరా అన్నమూ వేరు గిన్నెలో తీసి మూతపెట్టండి. ముసలివాళ్లు, పిల్లల తల్లులు ముందు తింటారు. వడ్డించేది పెద్దలు. పాస్టర్ గారూ, కమిటీ ఆ వేరు పెట్టిన గిన్నెలోంచి అందరికన్నా చివర, అందరి ప్లేట్లలోనే తింటారు. అపొస్తలుల కార్యములు 6లో ఏడుగురిని ఎంచింది కూడా సరిగ్గా ఇలాంటి గొడవకే: రోజువారీ వడ్డనలో గ్రీకు మాట్లాడే వితంతువులకు అందడం లేదని. అప్పుడు ఎంచిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం గమనించండి. ఎవరికి అందడం లేదో వాళ్ల వైపువాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట.

మరుగుదొడ్డి శుభ్రం చేసే పని, చెప్పుల దగ్గర నిలబడే పని వరస వేసి అందరికీ, పాస్టర్ గారితో సహా, నెలకోసారి వచ్చేలా రాయండి. ప్రకటనల్లో పరిచర్య చేసినవాళ్ల పేర్లు చదవడం మానేయండి. దీనికి అందరూ ఒప్పుకోరు, పేరు వినబడకపోతే రాని వాళ్లుంటారు. రెండు నెలలు చూడండి, ఎవరు మిగులుతారో తెలుస్తుంది.

ఇంకో రకం మనిషి ప్రతి గుడిలో ఉంటాడు. పొద్దున్నే వచ్చి తాళం తీసేదీ ఆయనే, సౌండు సెట్ చేసేదీ ఆయనే, "నేను పనికిరాని దాసుణ్ణి" అనేదీ ఆయనే. తాళం చెవి మాత్రం ఇంకొకరికి ఇవ్వడు. లూకా 17లోని ఆ మాట తన గురించి చెప్పుకోవలసిందే గానీ, తన పని ఇంకెవరికీ రాదని నిరూపించడానికి కాదు. ఆయన్ని నొప్పించకుండా, ప్రతి పనికీ ఒక రెండో మనిషిని కచ్చితంగా పెట్టండి.

బయటివాళ్లకు చేసే సహాయంలో షరతు కనిపించకూడదు. ఈ విషయంలో మన నేలమీదే గట్టి ఉదాహరణ ఉంది. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు, తిండికోసం వస్తున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపాడు. సహాయం ఆగాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం బస్తా ఇచ్చిన చేత్తోనే ఆదివారం రమ్మని చెప్పేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ప్రార్థన చేయమంటారా అని అడగండి, వద్దంటే బస్తా దించి రండి. ఇచ్చేవాడి పైచేయి గురించి దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1910లో, ఇంకా బిషప్ కాకముందు, ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీలకు ముఖం మీదే చెప్పాడు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు స్నేహితులు కావాలి అని. ఇప్పుడు పట్నం సంఘాలు పల్లె సంఘాలకు దుప్పట్లు పంచడానికి వచ్చేటప్పుడు ఆ మాట మనకూ వర్తిస్తుంది. పంచి వెంటనే బస్సెక్కకుండా, వాళ్లు పెట్టింది తిని, వాళ్ల చాప మీద కూర్చుని రావడం తేలికైన మొదటి మెట్టు.

ఆసుపత్రి పరామర్శకు పదిమంది గుంపుగా వెళ్లి ముప్పావుగంట పాడి వచ్చే అలవాటుంది. ఇద్దరు చాలు, పది నిమిషాలు చాలు, మంచం మీద కూర్చోవద్దు. రోగికన్నా వెంట ఉన్న మనిషికే సహాయం ఎక్కువ కావాలి. పెద్దాసుపత్రుల వరండాల్లో నేల మీద పడుకునే తల్లికి రాత్రి పదినుంచి తెల్లారి నాలుగు వరకు మీరు కాపలా ఉంటామంటే, అది పది పండ్ల సంచులకు సమానం.

చివరగా, గురువారం కడిగిన కాళ్లను మళ్లీ ఏడాదికి గానీ చూడకపోవడం విడ్డూరం. నెలకోసారి కాళ్ల పరీక్ష పెట్టండి, నలుగురు చాలు. షుగర్ ఉన్నవాళ్లకు: రోజూ గోరువెచ్చగా కూడా కాని నీళ్లతో కడగడం, వేళ్ల మధ్య ఆరబెట్టడం, పాదానికి కొబ్బరినూనె రాయడం, వేళ్ల మధ్య మాత్రం రాయకపోవడం. నానబెట్టకూడదు. ఆనెలు బ్లేడుతో కోయకూడదు. అడుగుభాగం తమకు కనిపించకపోతే అద్దం కింద పెట్టి చూపించాలి. కుష్ఠు తగ్గి పాదాలు మొద్దుబారినవాళ్లకు దీనికి వ్యతిరేకం: వాళ్ల చర్మం చెమట పట్టక ఎండి పగులుతుంది కాబట్టి మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. రెండిటినీ కలిపేస్తే నష్టం, అందుకే ఎవరిది ఏమిటో ముందు ఆరోగ్య కేంద్రంలో కనుక్కుని కార్డు మీద రాసుకోండి. కుష్ఠుకు మందులు పి.హెచ్.సి.లో ఉచితం, మందులు మొదలుపెట్టినవాళ్ల నుంచి అంటుకోదు. తాకడానికి జంకేవాళ్లకు ఇది ముందే చెప్పాలి. మొద్దుబారిన పాదాలకు ప్రభుత్వ కుష్ఠు కార్యక్రమం కింద మెత్తని రబ్బరు అడుగున్న ఎం.సి.ఆర్. చెప్పులు ఇస్తారు, వాటిని అడిగి ఇప్పించండి. మేకులు కొట్టిన చెప్పులు ఇద్దరికీ వద్దు.

కొత్త పుండు, నల్లబడ్డ చోటు, ఒక కాలికన్నా రెండోది వేడిగా ఉండటం, కాలు ఎర్రగా వాయడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి. "వచ్చే ఆదివారం చూద్దాం" అనవద్దు. ఆటో ఖర్చు సంఘం పెట్టుకోవాలి, వెంట ఒకరు వెళ్లాలి, రోజు కూలి పోతుందంటే దానికి కూడా కొంత పక్కన పెట్టుకోండి. ఈ పనికి టబ్బులు కొత్తవి కొనక్కర్లేదు, గురువారానికి తెచ్చినవే చాలు.